గిర్ని ముందర ఆరడుగులు

చైతన్యగిరి కాలనీ నాలుగో వీధిలో ముప్పై అడుగుల రోడ్డును నలభై రెండు అడుగులు చేయడానికి ఎక్కడా జాగా దొరకనందువల్ల, రోడ్డుకు రెండు వైపులా ఉన్నవాళ్ల గతంలోంచి ఇంటికి ఆరేళ్ల చొప్పున తీసుకోవాలని ఆ వేసవిలో పురపాలక సంస్థ నిర్ణయించింది. ఏడాదికి ఒక అడుగు లెక్క. ఇందులో కొత్తేమీ లేదు. పక్క కాలనీలో నాలా మీద వంతెన ఇలాగే కట్టారు. బస్సు డిపో వెనక ఉన్న పెద్ద కూడలి మొత్తం అక్కడ కిరాయికి ఉన్నవాళ్ల పాత రోజుల మీదే నిలబడి ఉంది. ఇళ్లు కూలగొడితే జనం కోర్టుకు వెళ్తారనీ, ఏళ్లు తీసుకుంటే వెళ్లరనీ అధికారులకు అనుభవం మీద తెలిసింది.

నోటీసులు తెచ్చిన సర్వేయరు పేరు ఉపేందర్. మర్యాదస్తుడు. ఎవరింటికి వెళ్లినా చెప్పులు గేటు బయటే విప్పేవాడు. చంకలో రిజిస్టరు, భుజాన టేపు, చేతిలో ఎర్ర రంగు డబ్బా. ఒక్కో ఇంటి గోడ మీద బాణం గుర్తు వేసి, పక్కన "6 సం." అని రాసుకుంటూ వచ్చి, అండాలు పిండి గిర్ని ముందు ఆగాడు.

అండాలు అప్పుడు జొన్నలు ఆడిస్తోంది. అరవై మూడేళ్ల మనిషి. భర్త వెంకటి పోయి పదకొండేళ్లయింది. ముందు గదిలో గిర్ని, వెనక గదిలో తను. కనురెప్పల దాకా పిండి పడి ఉండటంతో ఆమె ఎప్పుడూ అప్పుడే నిద్ర లేచినట్టు కనిపించేది. గిర్ని ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని, నోటీసు అందుకుని, కూడబలుక్కోకుండా గడగడా చదివింది.

"ఏ ఆరేండ్లు ఇయ్యాలె సార్?"

"అది మీ ఇష్టమమ్మా. ఆరూ వరసగ ఒక్క బిట్టుల ఉండాలె, అంతే. మూడేండ్లకు ఒకటి చొప్పున రెండంతస్తులు ఎక్కువ కట్టుకునేతందుకు మీకు పర్మిషన్ వస్తది."

"అంతస్తులు నేనేం జేసుకుంట? మోకాళ్లు నొస్తయి."

"ఎక్కకున్నా పర్మిషనైతే వస్తది" అన్నాడు ఉపేందర్.

అండాలు ముందు తన చిన్నతనం ఇస్తానంది. ఆలేరు దగ్గరి ఊళ్లో గడిచిన ఆ రోజులతో ఇప్పుడు తనకు పెద్దగా పని లేదు. ఉపేందర్ రిజిస్టరు తిప్పి నాలుగో నిబంధన చూపించాడు. వేరే చోట గడిపిన కాలం చెల్లదు. అది ఆ పంచాయతీ కిందికి వస్తుంది, వాళ్ల రోడ్డుకు వాళ్లకు కావాలి. సరే, పోయిన ఆరేళ్లు తీసుకోమంది. ఆయన టేపు ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, ఆ ఆరేళ్లలో ఏం జరిగిందో చెప్పమన్నాడు.

అండాలు చాలాసేపు ఆలోచించింది. "మోటరు కాలింది. కొత్తది పెట్టిచ్చిన. మోకాళ్లు నొచ్చినయి. టీవీ జూసిన" అంది.

ఉపేందర్ వంగి టేపు చూశాడు. "రెండించులు."

"ఆరేండ్లకా?"

"ఈ కాలనీల అందరియీ గింతేనమ్మా. ఈ నడుమ ఏండ్లు చానా సన్నగ వస్తున్నయి. మూలమీది సారు పదేండ్లు ఇస్తనన్నడు. కాయితం మందం గూడ రాలె."

"మరి వెడల్పుగ యే ఏండ్లుంటయి?"

ఆయన రిజిస్టరు చూడకుండానే చెప్పాడు. "తొంభై ఒకటి నుంచి తొంభై ఆరు దాంక. ఈ వీధిల అవే మంచియి. ఒక్కోటి అడుగు మీదనే తూగుతయి."

ఆయన వెళ్లిపోయాక అండాలు గిర్ని మళ్లీ వెయ్యలేదు. జొన్నల బుట్ట పక్కకు జరిపి అరుగు మీద కూర్చుంది. ఆ ఆరేళ్లూ ఏమిటో ఆమెకు ఎవరూ కొలిచి చెప్పక్కర్లేదు.

తొంభై ఒకటిలో కాలనీ అంటే పదకొండిళ్లు. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం చెట్లు. వానొస్తే మొరం రోడ్డు కాళ్లకు అంటుకుని ఇంట్లోకి వచ్చేది. ఇళ్లకు నంబర్లు లేవు. అందుకని అందరి ఉత్తరాల మీదా ఒకటే చిరునామా, "పిండి గిర్ని దగ్గర". పోస్టుమాన్ కట్ట మొత్తం గిర్నిలో పడేసి మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చేది. అది వచ్చే లోపల బిందెలు వరసలో నిలబడేవి, వాటి మనుషులు గిర్ని అరుగు మీద కూర్చునేవాళ్లు. ఏ బిందె ఎవరిదో సొట్టలను బట్టి అందరికీ తెలుసు. కాలనీ మొత్తానికి టీవీ ఒక్క అండాలు ఇంట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున దాని ముందు కూర్చోవడానికి వచ్చేవాళ్లు ఊరికే రాలేదనిపించుకోవడానికి గోధుమలు తెచ్చేవాళ్లు.

ఎదురింట్లోకి హైమవతి వచ్చింది ఆ ఏడాదే. తెనాలి వైపు మనిషి, సర్కారు బడిలో టీచరు. మొదట్లో ఆమె మాట అండాలుకు, అండాలు మాట ఆమెకు సగమే అర్థమయ్యేవి. పుంటికూర, గోంగూర ఒకటేనా కాదా అని ఒక మధ్యాహ్నమంతా వాదించుకుని, చివరికి వండుకుని తిని, ఒకటేనని తేల్చుకున్నారు. ఆ రోజు నుంచి ఒకరు టీచరమ్మ, ఒకరు "ఒసే అండాలూ".

గిర్నికి వచ్చిన ఉత్తరాల్లో ఎవరిది ఏదో అండాలుకు తెలిసేది కాదు. అన్నీ గోనెసంచి మీద పరిచి, ఎవరివి వాళ్లే ఏరుకొమ్మనేది. రెండు నెలలు చూసి ఒకరోజు హైమవతి రేకు పళ్లెంలో పిండి పరిచి, వేలితో 'అ' రాసింది. తప్పు రాస్తే చేత్తో చదును చేస్తే చాలు, కొత్త పలక. ఎనిమిది నెలల్లో అండాలు ఉత్తరాలు పంచడం మొదలుపెట్టింది. ఆమె మొదట రాసిన మాట తన పేరు కాదు. "గిర్ని". బోర్డు రాయించడానికి మనిషికి డబ్బులెందుకని తనే రాసింది.

తొంభై రెండు ఆగస్టులో హైమవతికి పురిటి నొప్పులొచ్చాయి. పట్టపగలే, కుండపోత వాన. భర్త క్యాంపులో ఉన్నాడు. ఆటోవాళ్లు ఆ బురదలోకి రామన్నారు. అండాలు, వెంకటి కలిసి ఆమెను గింజల సంచులు తెచ్చే తోపుడు బండి మీద పడుకోబెట్టి, పైన తాటిపత్రి కప్పి, మెయిన్ రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు తోసుకుపోయారు. నొప్పి మీదికి ధ్యాస పోకుండా ఉండాలని అండాలు బండి తోస్తూనే అడుగుతూ పోయింది. "టీచరమ్మా, ఈ పెద్ద 'ఱ' ఎప్పుడు రాస్తరు? 'ఌ' తోని ఏం పని?" హైమవతి పళ్లు బిగించి, అరవడం మానేసి, ప్రతిదానికీ సమాధానం చెప్పింది. అలా పుట్టినవాడు శ్రీకర్.

తొంభై ఏడులో తారు రోడ్డు పడింది. నల్లాలొచ్చాయి, నంబర్లొచ్చాయి, ఎవరింట్లో వాళ్లకు టీవీలొచ్చాయి. ఆ తర్వాత ఇద్దరూ రోజూ కనిపిస్తూనే ఉన్నారు గానీ కొత్తగా జరిగిందంటూ పెద్దగా ఏమీ లేదు. ఎవరికీ చెప్పకుండా, తమకే తెలియకుండా, ఆ ఆరేళ్ల మీదే ఇన్నాళ్లూ బతుకుతూ వచ్చారు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం హైమవతి వచ్చి అరుగు మీద కూర్చుంది. కొంగు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"ఇచ్చేస్తున్నానే అండాలూ. తొంభై ఒకటి నుంచి తొంభై ఆరు."

అండాలు చేతిలోని చేట పక్కన పెట్టింది.

"మా శ్రీకర్ పైన రెండంతస్తులు వేస్తానంటున్నాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి. ఇరుకైపోతుందట. నేను వేరే ఏళ్లు ఏమైనా ఉన్నాయేమో వెతికాను. రిటైరయ్యాక గడిచిన ఏళ్లన్నీ కలిపి కొలిచారు, జానెడు రాలేదు. వాడితో అన్నాను, ఒరేయ్, నువ్వు పుట్టింది కూడా అందులోనే ఉందిరా అని."

"ఏమన్నడు?"

"బర్త్ సర్టిఫికెట్ ఉంది కదమ్మా అన్నాడు."

హైమవతి కొంగు కొసను వేలి నుంచి విప్పేసింది.

"అవి నా ఏండ్లు గూడ గద టీచరమ్మా" అంది అండాలు.

"నీ దగ్గర ఉంటాయిగా. నువ్వు ఇవ్వకు. నువ్వు చెప్తూ ఉండు, నేను వింటాను. చెప్తావా?"

"చెప్త."

అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు ఉంది. అండాలు పన్నెండో రోజున వార్డు కార్యాలయానికి వెళ్లింది. విచారణాధికారి నడివయసు మనిషి, కళ్లజోడు గొలుసుకు వేలాడుతోంది. అభ్యంతరం ఏమిటని అడిగింది.

"అవి నాయి మేడం."

"మీవి కావని ఎవరూ అనడం లేదమ్మా. మీవి కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాం" అని ఆమె ఓపికగా చెప్పి, ఫారంలో "అభ్యంతరం: స్వంతం" అని రాసుకుంది. అది సరిపడే కారణం కాదు. అయితే పాత ఫైలు తిరగేస్తే, తొంభై తొమ్మిదిలో మురుగు కాలువ కోసం అండాలు, వెంకటి ఇంటి ముందు ఆరడుగుల నేల రాసిచ్చినట్టు కాగితం బయటపడింది. ఒకే ఇంటి నుంచి నేలా, కాలమూ రెండూ తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అటువైపు రోడ్డుకు ఆ ఆరడుగుల నేలే సరిపోతుంది. అధికారిణి కళ్లజోడు తీసి, "మీకు మినహాయింపు వచ్చిందమ్మా" అంది. "ఈ వీధిలో మీ ఒక్కరికే."

గుమాస్తా వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు జరిపాడు. అండాలు దాన్ని పక్కకు నెట్టి సంతకం పెట్టింది. గెలిచానన్న సంతోషంతో వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరకకపోయినా పట్టించుకోలేదు.

ఏళ్లు తీసుకునే క్యాంపు కమ్యూనిటీ హాల్లో మూడు రోజులు జరిగింది. రెండు ఫోటోలు, ఇంటి పన్ను రసీదు, ఒక ఫారం. లోపలికి వెళ్లినవాళ్లు పది నిమిషాల్లో టీ తాగి బయటికి వచ్చేవాళ్లు. ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. కొందరికి ఒళ్లు తేలికైనట్టు ఉందన్నారు. మూడో రోజు మధ్యాహ్నానికి రోడ్డు వెడల్పయింది. ఒక్క ఇటుక కదల్లేదు. ఇళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎదురెదురు ఇళ్ల మధ్య దూరం మాత్రం పెరిగింది. అంతకుముందు గేటు దగ్గర నిలబడి మామూలు గొంతుతో పిలిస్తే హైమవతికి వినిపించేది. ఇప్పుడు కేకెయ్యాలి. అండాలు ఆ సాయంత్రం కేకేసింది. మధ్యలో మూడు కార్లు వెళ్లాయి.

నాలుగో రోజు హైమవతి చిన్న స్టీలు డబ్బాతో వచ్చింది.

"అండాలు గారూ, ఈ బియ్యం కాస్త బరకగా ఆడించి పెడతారా?"

ఆ 'గారూ' వినగానే అండాలు చేయి గిర్ని మీటకు అందలేదు. హైమవతికి ఆమె ముఖం తెలుసు, పేరు తెలుసు, గిర్ని నడుపుతుందని తెలుసు. కరెంటు పోయినప్పుడు మీకూ పోయిందా అని అడిగేంత పరిచయం ఉంది. ఆ పరిచయానికి అడుగున ఏముందో మాత్రం ఆమెకు తెలియదు.

మాట ఇచ్చింది కాబట్టి అండాలు ఆలస్యం చెయ్యలేదు. బియ్యం పక్కన పెట్టి, ఆగస్టు వాన సంగతి మొదలుపెట్టింది. తోపుడు బండి, తాటిపత్రి, బురద, పెద్ద 'ఱ'. హైమవతి నవ్వింది, మధ్యలో అయ్యో అంది, చివర్లో కళ్లు తుడుచుకుంది.

"పాపం, ఎవరండీ ఆవిడ?"

అండాలు ఆమె ముఖంలోకి చూసింది. అందులో ఆటపట్టించడం ఏమీ లేదు.

"ఉండె. ఒక టీచరమ్మ."

"ఎంత బాగా చెప్పారండీ. మీరు చదువుకున్నారా?"

"ఆమెనే నేర్పిచ్చింది."

"ఏ స్కూల్లో?"

"స్కూల్ల గాదు. గా ఎదురింట్ల."

హైమవతి వెనక్కి తిరిగి తన ఇంటిని చూసింది. కొంచెంసేపు ఆలోచించి, "మేం రాకముందు ఎవరో ఉండి ఉంటారు" అంది.

అండాలు ఆగలేదు. రోజుకొకటి చెప్పింది. ట్యాంకరు దగ్గర సొట్ట బిందెలు మారిపోయి జరిగిన గొడవ, సీతాఫలం పొదల్లోంచి వచ్చి టీవీ ముందు చుట్ట చుట్టుకున్న పాము, బతుకమ్మకు తంగేడు పూల కోసం ఖాళీ ప్లాట్లలో పోటీ పడిన ఆడవాళ్లు. హైమవతి ఒక్కతే కాదు, మెల్లగా వీధిలో వాళ్లంతా వినడానికి రావడం మొదలుపెట్టారు. ఆడించడానికి ఏమీ లేకపోతే పిడికెడు పసుపు కొమ్ములైనా పట్టుకొచ్చేవాళ్లు. తమ కథలే పరాయివాళ్ల కథల్లా విని, భలే మనుషులండీ, ఇప్పుడెక్కడున్నారో అనుకుంటూ వెళ్లేవాళ్లు.

పదో రోజున స్కూలు బస్సు గిర్ని ముందు, రెండు పక్కలా నిలిపిన కార్ల మధ్య ఇరుక్కుని, దాని అద్దం కరెంటు స్తంభానికి తగిలి పగిలింది. ఉపేందర్ వచ్చి టేపు పెట్టాడు. గిర్ని ముందు రోడ్డు నలభై అడుగులే ఉంది. రోడ్డు ఇరుకవుతున్నది ఎప్పుడెప్పుడో అరుగు మీద కూర్చుని గమనించి, రెండు రోజుల తర్వాత ఆక్రమణ నోటీసు తెచ్చాడు.

"నేనేం ఆక్రమించిన సార్? ఒక రాయి గూడ ముందుకు పెట్టలె."

"రాయి గాదమ్మా. మీరు చెప్పే ముచ్చట్లు."

"నా యాది నా ఇష్టం గద."

"మీదే, కాదంటలేను. గని అండ్ల టీచరమ్మ ఉన్నది. కాలనీ వాళ్లంత ఉన్నరు. వాళ్ల భాగం రోడ్డు కిందికి పోయింది. మీరు పైకి చెప్పినప్పుడల్ల అది మళ్ల లేస్తున్నది. లేస్తే రోడ్డు ఇరుకైతది." నోటీసు చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "మనసుల అనుకుంటే ఏం గాదమ్మా. గేటు దాటొద్దు, అంతే."

అండాలు నోటీసును గోధుమల డబ్బా కింద పెట్టింది. టీచరమ్మకు మాట ఇచ్చినప్పుడు రోడ్డు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట సంగతి టీచరమ్మకే గుర్తు లేదు. అంతమాత్రాన అది చెల్లకుండా పోతుందా అని ఆలోచించింది. పోదనిపించింది.

ఆ ఆదివారం పొద్దున పదకొండింటికి గిర్ని ముందు ఇరవై మందికి తక్కువ లేరు. అండాలు బస్సు ముచ్చట ఎత్తుకుంది.

"కాలనీ దాంక బస్సు రాదన్నరు. మంది లేరు, ఏం లాభం అన్నరు. మేం పద్నాలుగు మంది ఆడోళ్లం బోయి మెయిన్ రోడ్డు మీద అడ్డం కూసున్నం. ఒక్కొక్కళ్లం ఒక్కొక్క కాళీ బిందె ముందర పెట్టుకున్నం. టీచరమ్మ బడికి సెలవు చీటీ రాసొచ్చింది. కారణం అన్న కాడ 'రోడ్డు మీద కూర్చొనుట' అని రాసిందంట..."

ఆ పద్నాలుగు మందిలో ఐదుగురు అక్కడే నిలబడి ఉన్నారు. తర్వాత ఏమైందని అందరికంటే ఆత్రంగా అడుగుతున్నది వాళ్లే. రోడ్డు రెండు అంచులూ చడీచప్పుడు లేకుండా దగ్గరికి జరుగుతున్నాయి. అటు నుంచి వచ్చిన గ్యాస్ బండి ఆగింది. ఇటు నుంచి వచ్చిన కారు ఆగింది. పక్కల నిలిపిన బండ్లు, జనం పోను రెండింటికీ సందు లేదు. కారు హారన్ ఆపకుండా మోగుతోంది.

"పొద్దున కూసుంటే మద్యాన్నమాయె. ఎండకు బిందెలు కాలుతున్నయి. అప్పుడొక బస్సొచ్చి మా ముందర ఆగింది. డ్రైవరు కిందికి దిగిండు. దిగి, మా దిక్కు జూసి..."

"అండాలు గారూ!"

కారు దిగి హైమవతి పరుగులాంటి నడకతో వస్తోంది. కారులో స్టీరింగు దగ్గర శ్రీకర్ ఉన్నాడు. వెనక సీట్లో కోడలు మౌనిక కిటికీ అంచును రెండు చేతులా పట్టుకుని, తల వాల్చేసి ఉంది.

"అండాలు గారూ, మా కోడలికి నొప్పులు వచ్చేశాయండీ. కారు కదలడం లేదు. మీరు కాస్త... దయచేసి ఆపుతారా?"

ఆమె చేతులు జోడించింది. ఆ చేతులు అండాలుకు బాగా తెలుసు. వాటి చూపుడు వేలు పిండిలో ఎలా వంపు తిరుగుతుందో తెలుసు. అవి ఇలా జోడించడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అండాలు నోరు మూసుకుంది.

"డ్రైవరు ఏమన్నడక్కా?" అంది వెనకాల నుంచి ఒకామె, ఆ రోజు నాలుగో బిందె ముందు కూర్చున్నది.

"ఏమో" అంది అండాలు. "యాదికి లేదు."

రోడ్డు ఇసుక జారిన చప్పుడుతో విచ్చుకుంది. కారు గ్యాస్ బండి పక్కనుంచి, చెయ్యి పట్టేంత సందు వదిలి, వెళ్లిపోయింది. జనం కాసేపు చూసి, ఎవరి డబ్బాలు వాళ్లు తీసుకుని ఇళ్లకు పోయారు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే అండాలు వార్డు కార్యాలయానికి వెళ్లి, క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టుకుంది. అందుకు వేరే ఫారం ఉంది. ఇంటి పటం గీసి, ఆ ఆరేళ్లను ఏ గదిలో ఉంచుకుంటారో చూపించాలి. వెనక గది అని చూపించింది. రోడ్డు వైపు కిటికీ మూసి ఉండాలి. గేటు నుంచి మూడడుగులు వదిలి లోపలే తలచుకోవాలి. నవ్వు వస్తే నవ్వుకోవచ్చు, దేనికని ఎవరైనా అడిగితే చెప్పకూడదు. ఆమె తర్వాత వారసులకు హక్కు ఉండదు. అన్నీ చదివి, ఐదు చోట్ల సంతకం పెట్టింది.

స్టాంపు వేసి కాగితం ఇస్తూ ఉపేందర్ అటూ ఇటూ చూశాడు. "అమ్మా, ఒక్కటి చెప్పుండ్రి. ఆ రోజు డ్రైవరు ఏమన్నడు?"

"మీ ఆఫీసు ముందల రోడ్డు ఎన్నడుగులు సార్?"

"ఎనభై."

"వద్దు తియ్యుండ్రి. ఇరుకైతది" అని అండాలు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

తర్వాతి నెలల్లో ఎదురింటి మీద రెండంతస్తులు లేచాయి. నాలుగో వీధి మంచి వీధి అని పేరొచ్చింది. ట్రాఫిక్ ఆగదు, కారు పెట్టుకోవడానికి జాగా ఉంటుంది, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మధ్యాహ్నాలు అండాలు గిర్ని ఆపి, వెనక గదిలో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చునేది. మొదట్లో గంటసేపు పట్టేది. పైకి అనకుండా లోపలే తిప్పుకోవడం వల్ల కాబోలు, కొన్ని పేర్లు అరగడం మొదలైంది. నాలుగో బిందె ఎవరిదో ఒకరోజు తోచలేదు. వాన ఆగస్టులోనా, జులైలోనా అని ఇంకోరోజు అనుమానం వచ్చింది. అడుగుదామంటే ఎవరికీ తెలియదు. గంట కాస్తా అరగంట అయింది.

మౌనికకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మూడో నెల వచ్చాక ఒక సాయంత్రం హైమవతి దాన్ని భుజాన వేసుకుని, రెండుసార్లు అటూ ఇటూ చూసి రోడ్డు దాటి వచ్చింది. ఉగ్గుకు రాగులు, పెసలు కలిపి ఆడించాలి. అండాలు రాగులు చెరిగింది. పిల్ల గిర్ని చప్పుడుకు ఏడవలేదు, కళ్లు పెద్దవి చేసి చూసింది.

పిండి డబ్బా మూత పెడుతూ హైమవతి మాటవరసకు అడిగింది. "అన్నట్టు మీరు ఈ వీధిలో ఎప్పటి నుంచి ఉంటున్నారండీ?"

అండాలు గేటు వైపు చూసింది. గేటు తెరిచే ఉంది. బయట రోడ్డు నలభై రెండు అడుగులు నిండుగా ఉంది.

"రోడ్డు పడ్డప్పటి సంది" అంది.

"మేమూ అంతేననుకుంటా" అంది హైమవతి.

చెప్పాక, అది అబద్ధమని అండాలుకు అనిపించలేదు. ఇద్దరూ గేటు దాకా వచ్చి నిలబడ్డారు. కార్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. హైమవతి పిల్లను ఎత్తుకుని సందు దొరుకుతుందేమోనని చూస్తోంది. తొందరేమీ లేదు, ఇవి పోనివ్వండి అంది అండాలు. సరేనండీ అంది హైమవతి.